బస్బీ తరువాత, రహీం తరువాత

1974వ సంవత్సరము జూలై 12వ తేదీన లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు మేనేజరు బిల్ షాంక్లీ తన పదవిని విడిచిపెట్టుచున్నట్లు ప్రకటించినప్పుడు, ఆ నగరపు వీధులలో ఒక టెలివిజన్ విలేఖరి ఆపి అడిగిన అభిమానులలో పలువురు ఆ వార్తను నమ్మనేలేదు. అతడు తమను ఆటపట్టించుచున్నాడని తలచిరి. నిజమేనని తెలిసిన క్షణమున ఆ ముఖములు ఎట్లు వాడిపోయెనో నాటి చిత్రములలో నేటికిని చూడవచ్చును. ఆ యేటి మే నెలలోనే ఆ జట్టు న్యూకాసిల్ జట్టును 3-0తో ఓడించి ఎఫ్.ఏ. కప్పును గెలుచుకొనియుండెను. ఆటగాండ్రు ఎక్కడివారక్కడనే యుండిరి. మైదానము వారమువారము నిండుచునే యుండెను. అయినను ఆ దినమున ఆ ఊరి జనులకు కలిగిన దిగులు ఓటమివలన కలిగెడి దుఃఖముకంటె లోతైనది. ఓటమి శనివారమునాడు వచ్చి మరుసటి శనివారమునకు పాతబడును. మేనేజరు వెడలిపోయి, ఆ స్థానమునకు ఎవరు వత్తురో తెలియని కాలమున అభిమానిని పట్టుకొనెడి బెంగకు అట్టి గడువు లేదు.

ఈ బెంగను వట్టి వెఱ్ఱియని తీసిపారవేయువారు కలరు. పదకొండుమంది ఆడెడి ఆటలో, గీత వెలుపల నిలుచుండి బంతిని తాకనైన తాకని ఒక మనుష్యునికొరకు ఇంత తపన ఏలయని వారడుగుదురు. దీనికి సమాధానము అభిమాని మనస్తత్వమునందుకంటె ఆ వృత్తి చరిత్రయందే అధికముగ కలదని నా నమ్మకము. మేనేజరు ఉద్యోగము ఎట్లు పుట్టెనో, ఒక క్లబ్బు నేర్చినదంతయు క్రమక్రమముగ ఒకే మనుష్యుని తలలోనికి ఎట్లు చేరెనో పరిశీలించినచో, అభిమాని భయపడుచున్నది ఊహామాత్రమైన అపాయమునకు కాదనియు, క్లబ్బు గతము డైరెక్టర్లకంటె అతనికే బాగుగ జ్ఞప్తియందున్నదనియు తేటపడును.

1888లో ఇంగ్లండున ఫుట్‌బాల్ లీగు స్థాపింపబడిన నాడు, నేడు మనమెరిగిన విధమైన మేనేజరు లేడు. వారమువారము జట్టును ఎంచువారు డైరెక్టర్లు. ఊరిలోని వర్తకులు, మిల్లుల యజమానులు, పెద్దమనుష్యులు ఒక బల్లచుట్టు కూర్చుండి ఎవరిని ఆడించవలెనో ఎవరిని మానిపించవలెనో తమలో తాము తర్కించి తీర్మానించుచుండిరి. వారి క్రింద కార్యదర్శి యొకడు ఉత్తరప్రత్యుత్తరములు నడపుట, రైలుప్రయాణములు ఏర్పాటు చేయుట, ఆటగాండ్రకు జీతములు పంచుట మున్నగు పనులు చూచుకొనుచుండెను. ఆటగాండ్రచేత పరుగులు తీయించి, కండరములకు మర్దనము చేయుటకు ట్రైనరు వేరుగ నుండెను. ఆస్టన్ విల్లాలో జార్జి రాంసే 1886 మొదలు నలువది సంవత్సరములు అట్టి కార్యదర్శిగనే పనిచేసెను. 1896లో సండర్లండు నుండి లివర్‌పూలునకు వచ్చిన టామ్ వాట్సన్ 1915లో మరణించువరకు ఆ పదవిలోనే యుండెను. వీరు అసమర్థులు కారు. విల్లా, సండర్లండు జట్ల నాటి వైభవమునకు వీరి నేర్పే చాలవరకు కారణము. కాని ఆ నేర్పు కమిటీ చాటున మరుగుపడియుండెను. జట్టు ఓడినప్పుడు జనులు కేకలువేసినది డైరెక్టర్లమీదనే. కార్యదర్శి పోయినను కమిటీ నిలిచియుండును గనుక, తరువాత ఎవరన్న ప్రశ్న ఊరిజనులను నిద్రపోనీయనంతటి ప్రశ్నగా నాడు మారలేదు.

ఈ యేర్పాటును తలక్రిందులు చేసినవాడు హెర్బర్ట్ చాప్‌మన్. బొగ్గుగని కార్మికుని కుమారుడైన ఈయన 1921లో హడర్స్‌ఫీల్డ్ టౌన్ జట్టును చేపట్టి, 1922లో ఎఫ్.ఏ. కప్పును, 1924, 1925 సంవత్సరములలో లీగును గెలిపించెను. 1925 మే నెలలో లండనులోని ఆర్సెనల్ క్లబ్బు మేనేజరు కావలెనని ఒక క్రీడాపత్రికలో ప్రకటన వేయించినది. భారీ మొత్తములు పోసి ఆటగాండ్రను కొనుటయందు తప్ప వేరు నేర్పులేనివారు దరఖాస్తు చేయనక్కరలేదని కూడ అందులో స్పష్టపరచినది. ఆ పిలుపునకు వచ్చిన చాప్‌మన్, జట్టును ఎంచు అధికారము తనకే ఉండవలెనని పట్టుబట్టి, డైరెక్టర్ల బల్లమీదినుండి దానిని తన బల్లమీదికి తెచ్చుకొనెను. ఆ సంవత్సరమే ఆఫ్‌సైడు నిబంధన సడలింపబడగా, మైదానమధ్యమున ఆడు సెంటర్ హాఫును వెనుకకు దించి రక్షణపంక్తిలో నిలిపిన పద్ధతి ఆయన పేరుతో ప్రసిద్ధికెక్కెను. ఆటగాండ్ర చొక్కాలమీద అంకెలు, రాత్రి ఆటలకు దీపములు, అన్నిటిమీద ఆయన దృష్టి ప్రసరించెను. మైదానమునకు సమీపమున నున్న గిలెస్పీ రోడ్ రైలునిలయమునకు 1932లో ఆర్సెనల్ అను పేరు పెట్టించువరకు ఆయన ఊరకుండలేదు. 1930లో కప్పు, 1931, 1933లలో లీగు ఆ క్లబ్బునకు దక్కినవి.

1934 జనవరి 6వ తేదీన, జలుబుతోనే మూడవజట్టు ఆటను చూడబోయి, న్యుమోనియా సోకి చాప్‌మన్ మరణించెను. ఇచ్చట పాఠకులు ఒక విషయమును ప్రత్యేకముగ గమనింపవలెను. ఆయన పోయిన తరువాత ఆర్సెనల్ 1934లోను 1935లోను లీగు గెలిచినది. అంతకుముందు ఆయన విడిచివచ్చిన హడర్స్‌ఫీల్డ్ కూడ 1926లో ముమ్మారు వరుస విజయమును పూర్తిచేసినది. గొప్ప మేనేజరు వెడలిపోయిన ఫలితము వెంటనే కానరాదు. ఆయన ఎంచిన కాళ్ళు, ఆయన నేర్పిన కదలికలు కొంతకాలము తమంతట తామే పనిచేయుచుండును. ఆ కాలమున డైరెక్టర్లు తమకేమియు కొఱతపడలేదని తృప్తిపడుదురు. హడర్స్‌ఫీల్డ్ మాత్రము 1926 తరువాత నేటివరకు ఒక్కసారియైన లీగు గెలువలేదు. ఆర్సెనలునకు అట్టి గతి పట్టకపోవుటకు, చాప్‌మన్‌కడ ట్రైనరుగ పనిచేసిన టామ్ విటేకర్ వంటివారు ఆ యింటిలోనే మిగిలియుండుట ఒక ముఖ్యకారణమని నా అభిప్రాయము. 1948లో ఆ క్లబ్బు మరల లీగు గెలిచిననాడు మేనేజరు ఆ విటేకరే.

మాంచెస్టర్ యునైటెడ్ కథ ఈ విషయమున అన్నిటికంటె విపులమైనది, నా మనస్సునకు అన్నిటికంటె దగ్గరైనది. 1945లో మాట్ బస్బీ ఆ క్లబ్బునకు వచ్చునాటికి దానికి ఆడుకొనుటకు మైదానమే లేదు; 1941 మార్చిలో జర్మను బాంబులు ఓల్డ్ ట్రాఫర్డును కూల్చివేయగా, ఆ జట్టు 1949వరకు పొరుగువారైన మాంచెస్టర్ సిటీ మైదానమున అద్దెకు ఆడుచుండెను. స్కాట్లండులోని లానర్క్‌షైరు గనులపల్లెలో 1909లో పుట్టి, మొదటి ప్రపంచయుద్ధమున తండ్రిని పోగొట్టుకొని పెరిగిన బస్బీ, క్లబ్బువారు మూడేండ్ల ఒప్పందమునకు సిద్ధపడగా, తాను తలపెట్టిన పనికి అయిదేండ్లు కావలెనని అడిగి పుచ్చుకొనెను. పదునైదు పదునారేండ్ల బాలురను చేరదీసి, వారిని ఆ క్లబ్బు పద్ధతిలోనే పెంచి, పెద్దజట్టులోనికి తెచ్చుట ఆయన మార్గము. 1948లో కప్పు, 1952, 1956, 1957లలో లీగు వచ్చినవి. 1958 ఫిబ్రవరి 6వ తేదీన మ్యూనిక్ విమానాశ్రయమున జరిగిన ప్రమాదములో ఇరువదిముగ్గురు మరణించిరి. వారిలో ఎనమండుగురు ఆ జట్టు ఆటగాండ్రు. బస్బీ మృత్యుముఖమునుండి మరలి వచ్చి, మరల జట్టును కూర్చి, పది సంవత్సరముల తరువాత 1968 మే 29వ తేదీన వెంబ్లీ మైదానమున బెన్ఫికాను 4-1తో ఓడించి యూరపియన్ కప్పును గెలిపించెను. ఆ విజయము అంతకుముందు ఏ ఇంగ్లీషు జట్టునకును దక్కలేదు.

ఆయన ఆసుపత్రిలో నున్న వారములలో జట్టును నిలువబెట్టినవాడు ఆయన సహాయకుడు జిమ్మీ మర్ఫీ. వేల్స్ దేశపు జట్టును చూచుకొనుటకై ఆ ప్రయాణమునకు వెళ్ళక బ్రదికిపోయిన మర్ఫీ, మిగిలిన ఆటగాండ్రకు కుర్రవాండ్రను కొందరిని, కొన్నవారిని కొందరిని చేర్చి ఆ యేటి ఎఫ్.ఏ. కప్పు తుదియాటకు జట్టును చేర్చెను. ఇంతటి సమర్థుడు ప్రక్కనే యుండగా బస్బీ తరువాత ఎవరన్న చింత ఏలయని నాడు ఎవరైన అనుకొనియుండవచ్చును. కాని మర్ఫీకి రెండవస్థానమే ఇష్టము. పత్రికలవారి నడుమ నిలుచుండుట ఆయనకు సరిపడదు. బస్బీ విరమించునాటికి ఆయనయు అలసియుండెను. ఒకే తరమువారు కలిసి పైకి వచ్చి కలిసి వృద్ధులగుట సంస్థలకు ఎంత అపాయకరమో ఇందువలన తెలియుచున్నది.

1969 జనవరిలో బస్బీ తాను ఆ ఋతువు చివర విరమింతునని ప్రకటించెను. ఏప్రిలులో ఆయన స్థానమునకు విల్ఫ్ మెగిన్నిస్ పేరు వెల్లడియయ్యెను. వయస్సు ముప్పదియొకటి, కాలు విరిగి ఆట మానుకొన్న పిమ్మట క్లబ్బులోనే శిక్షకుడుగ నున్నవాడు, బస్బీ పెంచిన బాలురలో ఒకడు. చూచుటకు ఇంతకంటె సహజమైన వారసత్వము లేదు. అయితే ఆయనకు ఇచ్చిన హోదా మేనేజరు కాదు, ప్రధానశిక్షకుడు మాత్రమే. బస్బీ జనరల్ మేనేజరుగ పైననే యుండెను. ఆయన ఆజ్ఞాపించవలసిన బాబీ చార్ల్‌టన్ వయస్సున ఆయనకంటె రెండు వారములు పెద్ద. యూరపియన్ కప్పు గెలిచిన ఆటగాండ్రు, నిన్నటివరకు తమతో సమానముగ మెలగినవాని మాటకు ఎట్లు తలయొగ్గుదురు? ఆయనకాలమున జట్టు మూడుమారులు కప్పుల సెమీఫైనలునకు చేరి మూడుమారులును ఓడిపోయెను. అందు ఒకటి మూడవ డివిజనులోని ఆస్టన్ విల్లాచేత. 1970 డిసెంబరులో ఆయనను తొలగించి బస్బీయే మరల పగ్గములు పట్టెను.

తరువాత సెల్టిక్ మేనేజరు జాక్ స్టీన్‌ను అడుగగా ఆయన రానని చెప్పెను. లెస్టర్ సిటీ నుండి ఫ్రాంక్ ఒఫారెల్ వచ్చెను. 1971 క్రిస్మస్ నాటికి జట్టు లీగు పట్టికలో మొదటిస్థానమున నుండుట చూచి అభిమానులు ఊపిరి పీల్చుకొనిరి. కొత్తసంవత్సరము వచ్చినదో లేదో వరుస ఓటములు మొదలయ్యెను. జార్జి బెస్ట్ చెప్పకుండ అభ్యాసము మానుచుండెను. మ్యూనిక్ తరువాత కూర్చబడిన జట్టు ముసలిదగుచుండెను. తాను వచ్చుసరికి బస్బీ తన పాత గదిలోనే యుండగా, తనకు వేరొక చిన్నగది సిద్ధపరచిరని, తాను అభ్యంతరము చెప్పవలసివచ్చినదని ఒఫారెల్ పిమ్మట చెప్పుకొనెను. పెత్తనమును కోడలికి అప్పగించియు తాళపుచెవులను బొడ్డున దోపుకొన్న అత్తగారివలె బస్బీ ప్రవర్తించెనని అనుట ఆ మహానుభావునియెడ కఠినముగ తోచవచ్చును. ఆయనకు ఎవరికిని కీడుచేయు తలంపు లేదు. ఆటగాండ్రు తమంతట తామే ఆయనకడకు పోయి మొరపెట్టుకొనుచుండిరి. కాని ఇరువదినాలుగేండ్లు ఒక ఇంటికి తానే దిక్కై నిలిచినవాడు ఆ యింటిలోనే తిరుగాడుచుండగా, వేరొకని మాట చెల్లుట ఎవరికైన దుస్సాధ్యము. 1972 డిసెంబరులో క్రిస్టల్ పాలెస్ చేతిలో 5-0తో ఓడిన మూడవనాడు ఒఫారెల్ కూడ వెడలిపోయెను.

ఆ స్థానమునకు వచ్చిన టామీ డోకర్టీ కాలమున, 1974 ఏప్రిల్ 27వ తేదీన, ఒకప్పుడు ఆ జట్టునకే ఆరాధ్యుడై ఆనాటికి మాంచెస్టర్ సిటీకి ఆడుచుండిన డెనిస్ లా మడమతో తట్టిన బంతి గోలయ్యెను. యూరపియన్ కప్పు గెలిచిన ఆరవయేట యునైటెడ్ రెండవ డివిజనునకు దిగజారెను. ఇతర ఆటల ఫలితములనుబట్టి ఆ గోలు లేకున్నను ఆ పతనము తప్పెడిది కాదు; అయినను లా తలవంచుకొని మైదానము విడిచిన దృశ్యమునే జనులు చెప్పుకొందురు. నాకు అంతకంటె ముఖ్యముగ తోచునది దాని తరువాతి సంవత్సరము. 1974-75లో ఇంగ్లండు మొత్తముమీద ఏ మైదానమునకు అత్యధికముగ ప్రేక్షకులు వచ్చిరని చూచినచో, అది మొదటి డివిజనులోని ఏ క్లబ్బు మైదానమును కాదు, రెండవ డివిజనులోని ఓల్డ్ ట్రాఫర్డే. మేనేజర్లు మారిరి, ఆటగాండ్రు మారిరి, డివిజనే మారినది. వచ్చువారు వచ్చుచునే యుండిరి. అట్లు వచ్చుచున్నవారి బెంగను డైరెక్టర్లు లక్షింపకుండుట ఎట్లు న్యాయమగును?

డోకర్టీ, డేవ్ సెక్స్‌టన్, రాన్ అట్కిన్సన్, ఒకరి తరువాత ఒకరు వచ్చి, కప్పులు కొన్ని గెలిచి, లీగు గెలువలేక పోయిరి. సెక్స్‌టన్ తన చివరి ఏడు ఆటలను వరుసగ గెలిచియు 1981లో ఉద్యోగము పోగొట్టుకొనెను. 1986 నవంబరు 6వ తేదీన అలెక్స్ ఫెర్గూసన్ వచ్చినను, 1993లో గాని లీగు మరల రాలేదు. 1967 తరువాత అది ఇరువదియారేండ్ల నిరీక్షణ.

అభిమానులు ఈ బెంగను మనస్సులోనే దాచుకొనక వీధికెక్కిన సందర్భములును కలవు. డెర్బీ కౌంటీని రెండవ డివిజను నుండి పైకి తెచ్చి 1972లో లీగు గెలిపించిన బ్రయన్ క్లఫ్, డైరెక్టర్లతో కలహించి 1973 అక్టోబరులో తన సహచరుడు పీటర్ టేలర్‌తోకూడ రాజీనామా చేయగా, ఆ ఊరిజనులు సభలు జరిపిరి, ఊరేగింపులు తీసిరి, ఆయనను మరల తెప్పించుటకై ఒక ఉద్యమమునే స్థాపించిరి. ఆటగాండ్రు కూడ లేఖవ్రాసి ఆ కోరికను బలపరచిరి. డైరెక్టర్లు లొంగలేదు. ఒకప్పుడు ఆ జట్టునకు నాయకుడైన డేవ్ మకాయ్‌ని తెచ్చి నిలిపిరి. ఆయన 1975లో మరల లీగు గెలిపించెను. కాబట్టి అభిమానుల భయము అబద్ధమయ్యెనని చెప్పువారుందురు. కాని క్లఫ్ ఆ సంవత్సరమే పొరుగూరైన నాటింగ్‌హాం ఫారెస్టునకు పోయి, 1979, 1980లలో యూరపియన్ కప్పులు గెలిచెను; డెర్బీ 1980లో రెండవ డివిజనునకు జారెను. ఊరేగింపులో నడచినవారు తప్పుగ లెక్కవేయలేదని నేను నమ్ముదును.

లివర్‌పూలులో జరిగినది దీనికి భిన్నము. షాంక్లీ స్థానమున డైరెక్టర్లు నియమించిన బాబ్ పెయిస్లీ ఆ పదవిని కోరినవాడు కాడు, మాటకారి కాడు, 1939 నుండి ఆ క్లబ్బుననే ఆటగాడుగ, వైద్యసహాయకుడుగ, శిక్షకుడుగ నుండినవాడు. ఆన్‌ఫీల్డ్ మైదానమున బూట్లు భద్రపరచెడి చిన్నగది యొకటి యుండెను. అందు పెయిస్లీ, జో ఫేగన్, రూబెన్ బెన్నెట్, రోనీ మోరన్ కూర్చుండి, జరిగిన ఆటను విప్పిచెప్పుకొనుచు, ప్రతిదినము జరిపిన అభ్యాసమును, ఎవరికి ఏ గాయమైనదో ఏమి చేసిన మానినదో పుస్తకములలో వ్రాసిపెట్టుకొనుచుండిరి. షాంక్లీ వెడలినప్పుడు క్లబ్బు పోగొట్టుకొన్నది ఒక మహావక్తను, ఒక మహానాయకుని. కాని క్లబ్బు తెలివి ఆ పుస్తకములలో, ఆ గదిలో నిలిచినది. విరమించిన పిమ్మట షాంక్లీ అభ్యాసమైదానమునకు వచ్చుచుండగా ఆటగాండ్రు ఆయననే యజమాని యని పిలుచుచుండిరి. ఆయన రాక తగ్గించుకొనవలెనని క్లబ్బువారు సూచింపవలసివచ్చెను. ఆ ఘట్టము వినుటకే బాధాకరము. ఇరువురి మంచితనమును శంకింప వీలులేదు. పెయిస్లీ తొమ్మిదేండ్లలో ఆరు లీగులు, మూడు యూరపియన్ కప్పులు గెలిచెను. ఆయన తరువాత వచ్చిన ఫేగన్ కూడ ఆ గదివాడే. మొదటి యేటనే లీగును, లీగు కప్పును, యూరపియన్ కప్పును తెచ్చెను. 1993లో ఆ గది పడగొట్టబడెను. 1990 తరువాత లివర్‌పూలునకు లీగు మరల దక్కినది 2020లో.

2013 మే 8వ తేదీన ఫెర్గూసన్ విరమణను ప్రకటించునాటికి ఈ కథలన్నియు అచ్చులో నుండినవే. పదుమూడు లీగులు, రెండు యూరపియన్ కప్పులు గెలిపించినవాడు తానే తన వారసునిగ ఎవర్టన్ మేనేజరు డేవిడ్ మోయెస్‌ను సూచించెను. క్లబ్బు ఆరేండ్ల ఒప్పందము వ్రాసినది. పది నెలలకే, 2014 ఏప్రిలులో, దానిని రద్దుచేసినది. మోయెస్ తనవెంట ఎవర్టన్ నుండి తన సహాయకులను తెచ్చుకొని, అంతవరకు ఫెర్గూసన్‌కడ పనిచేసినవారిని పంపివేసెను. ఫెర్గూసన్ గది ఖాళీయగుటతో ఆగక, ఆ గదిచుట్టు నుండిన గదులును ఖాళీయయ్యెను. తరువాతి పదేండ్లలో వాన్ గాల్, మొరీన్యో, సోల్‌షేర్, టెన్ హాగ్ వచ్చిరి, పోయిరి; కప్పులు కొన్ని వచ్చినవి; లీగు రాలేదు. ఉపగ్రహ ప్రసారముల పుణ్యమున ఈ ఆటలను అర్ధరాత్రి మేల్కొని చూచెడి మన హైదరాబాదు, విజయవాడ, విశాఖ యువకులు, ప్రతి నియామకపు వార్తకును ఆశపడి, ప్రతి తొలగింపునకును కుంగి, మాంచెస్టరు వీధులలోనివారితో సమానముగ ఈ బెంగను అనుభవించుచున్నారు. వారికి నేను చెప్పదలచిన కథ వారి ఊరిలోనే కలదు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదున జన్మించెను. బస్బీ పుట్టిన సంవత్సరమును అదే. ఉస్మానియా పట్టభద్రుడు, కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పంతులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యయ్యెను. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ సంవత్సరము మొదలు 1954వరకు అయిదుమారులు వరుసగ ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. డ్యూరాండ్ పోటీలో మోహన్‌బగాన్‌ను ఓడించినది. కలకత్తాయే ఫుట్‌బాలునకు రాజధానియని దేశమంతయు నమ్మియున్న ఆ దినములలో, జీతముకొరకు పోలీసు కొలువు చేయుచు ఆడెడి దక్కనువారు ఆ రాజధానిని గడగడలాడించిరి. రహీం సాబ్ పాఠశాల పంతులు గనుక ఆటను పాఠముగ విభజించి చెప్పెడివాడు. కుడికాలి వాటముగలవాడు ఎడమకాలితోనే తన్నవలెనను నిబంధనతో, అలవాటులేని పాదమునకే పోటీలు పెట్టెను. బంతిని కాలికడ ఉంచుకొనక తాకిన వెంటనే అందించవలెనను నియమముతో ఆటలు ఆడించెను. పేదకుటుంబముల కుర్రవాండ్రు బలముతో గెలువలేని ఎదిరిని వేగముతోను బుద్ధితోను గెలుచుట ఆ మైదానములలో నేర్చిరి.

ఆయనచేతి క్రింద భారతజట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టై, నాలుగవస్థానమున నిలిచెను. 1962 జకార్తా ఆసియా క్రీడలనాటికి ఆయనకు ఊపిరితిత్తుల కాన్సరు పట్టియుండెను. తలకు కుట్లుపడిన రక్షకుడు జర్నైల్ సింగును ముందువరుసలో ఆడించు సాహసమును ఆయన అచ్చటనే చేసెను. లక్షమంది ప్రేక్షకులు ఎదిరిపక్షము వహించి కేకలు వేయుచుండగా దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన తుదియాటలో పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైలే ఒక గోలు చేసిరి. సికింద్రాబాదు అమ్ముగూడవాడైన తులసీదాస్ బలరాం, గోలురక్షకుడు పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోని మనవారు.

1963 జూన్ 11వ తేదీన రహీం సాబ్ కన్నుమూసెను. ఆ యొక్కదినమున మూడు పీఠములు శూన్యములయ్యెను: రాష్ట్రసంఘపు కార్యదర్శిత్వము, పోలీసు జట్టు శిక్షణ, జాతీయజట్టు శిక్షణ. ఆర్సెనల్ చాప్‌మన్‌ను పోగొట్టుకొన్ననాడు అది పోగొట్టుకొన్నది ఒక క్లబ్బు మేనేజరును. హైదరాబాదు పోగొట్టుకొన్నది బాలురను ఏరువానిని, వారికి నేర్పువానిని, వారు ఆడుటకు పోటీలు పెట్టువానిని, పైజట్టులోనికి ఎత్తువానిని, అందరిని ఒక్కసారిగ. చాప్‌మన్ విషయమున గమనించినదే ఇచ్చటను జరిగినది: ఆయన పెంచిన కాళ్ళు మరి కొన్నేండ్లు ఆడినవి. హారీ రైట్ అను ఆంగ్లశిక్షకుని క్రింద 1964 ఆసియా కప్పులో భారతదేశము రెండవస్థానము పొందెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచెను. 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యము తెచ్చిన జట్టునకు హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీనే నాయకుడు. ఈ విజయములు చూచినవారికి ప్రమాదమేమియు కానవచ్చియుండదు. కాని అప్పటికే నయీం, మహమ్మద్ హబీబ్ వంటివారు కలకత్తా క్లబ్బులకు తరలిపోయిరి. వారిస్థానమున నిలుపుటకు క్రింద పెరుగుచున్నవారు పలుచబడిరి. 1965-66 తరువాత సంతోష్ ట్రోఫీ ఈ రాష్ట్రమునకు మరల రాలేదు. 1960 రోము తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ చూడలేదు. ఇదంతయు ఒక్కని మరణమువలననే జరిగెనని నేననను. క్రికెట్టు వ్యామోహము, జీతముల తేడా, ప్రపంచపు ఆటయే మారిపోవుట, ఇట్టి కారణములును కలవు. అయితే మూడు పీఠములలో దేనికిని రెండవవాడు సిద్ధపరచబడియుండలేదన్నది వీటన్నిటికంటె ముందు చెప్పవలసిన కారణమని నా దృఢవిశ్వాసము.

అర్ధశతాబ్దము దాటిన పిమ్మట, 2019లో హైదరాబాదు పేరుతో ఒక వృత్తిక్లబ్బు ఇండియన్ సూపర్ లీగులో అడుగుపెట్టెను. 2020లో శిక్షకుడు ఆల్బర్ట్ రోకా బార్సిలోనాకు వెడలిపోవుటతో హడావుడిగ పిలువబడిన మనోలో మార్కెజ్, కుర్రవాండ్రను నమ్మి, 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఆ క్లబ్బును విజేతగ నిలిపెను. 2023లో ఆయన గోవా జట్టునకు పోయెను. తరువాతి ఋతువున ఇరువదిరెండు ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి హైదరాబాదు అట్టడుగున నిలిచినది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి పేరుమార్చుకొనెను. గచ్చిబౌలి మైదానమున పసుపుచొక్కాలు తొడిగి కూర్చుండిన పిల్లలకు, తమ తాతలు 1963లో ఏమి పోగొట్టుకొనిరో చెప్పిచూపినవారు ఎందరున్నారో!

జంటనగరములలో నేడు బాలురకు ఆట నేర్పుచున్న శిక్షకులు కొందరు కలరు. వారు ప్రతిదినము నడిపిన అభ్యాసమును ఒక పుస్తకమున వ్రాసిపెట్టవలెనని, ప్రతివాడును తనక్రింద ఒక చిన్నవానిని చేర్చుకొని నేర్పవలెనని, రహీం సాబ్ పెట్టిన ఆ ఎడమపాదపు పోటీలను కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలనుండియే మరల మొదలుపెట్టవలెనని నేను వారిని ప్రార్థించుచున్నాను. ఇందుకు పెద్దక్లబ్బుల ధనము అక్కరలేదు, రాష్ట్రసంఘపు అనుమతి చాలును.